అమెరికాలో ఫెడరల్ క్రిమినల్ కేసు వస్తే లాయర్‌తో కలిసి ఎలా ఎదుర్కోవాలి

ఫెడరల్ కేసనగానే మనవాళ్లకు ఎఫ్‌బీఐ గుర్తొస్తుంది. నిజానికి తలుపు తట్టేది ఎవరైనా కావచ్చు. వీసా కాగితాల మోసమైతే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ ఇన్వెస్టిగేషన్స్ వాళ్లు, పన్నులైతే ఐఆర్‌ఎస్ క్రిమినల్ విభాగం, మెడికేర్ బిల్లులైతే ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు, ఉత్తరాలూ పార్సిళ్లతో ముడిపడినదైతే పోస్టల్ ఇన్‌స్పెక్టర్లు. వీళ్లంతా ఆధారాలు పోగుచేసి తీసుకెళ్లేది మాత్రం ఆ జిల్లా యూఎస్ అటార్నీ (ఫెడరల్ ప్రాసిక్యూటర్) ఆఫీసుకే. దేశంలో ఇలాంటి ఫెడరల్ కోర్టు జిల్లాలు 94 ఉన్నాయి.

ఈ కేసులు నెమ్మదిగా తయారవుతాయి. చాలా నేరాలకు అభియోగం మోపే గడువు ఐదేళ్లు. మీ ఇంటికి ఏజెంట్లు వచ్చేసరికి మీ బ్యాంకు లెక్కలు, ఈమెయిళ్లు, మీతో పనిచేసినవాళ్ల వాంగ్మూలాలు చాలావరకు వాళ్ల దగ్గర చేరి ఉంటాయి. కాబట్టి తొందర వాళ్లకు ఉండదు. తొందరపడేది మనమే. ఏజెంటు వచ్చిన గంటకూ, లాయర్ దొరికిన గంటకూ మధ్య మనం చేసుకునే నష్టాన్ని తర్వాత ఎంత పెద్ద లాయరైనా పూర్తిగా సరిదిద్దలేడు.

ఇక్కడ చెప్పేది దారి తెలియడం కోసమే. మీ కేసు విషయంలో మీ లాయర్ దీనికి భిన్నంగా చెబితే, ఆ మాటే వినండి.

1. ముందు, ఇది నిజమైన కేసేనా? అయితే ఏ రకం?

ఫోన్ చేసి "మీ మీద వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొనండి, బిట్‌కాయిన్ పంపండి, వీడియో కాల్ కట్ చేయొద్దు" అంటే అది మోసం. ఫోన్ పెట్టేయండి. నిజమైన ఏజెంట్లు డబ్బు అడగరు. అనుమానం తీరకపోతే, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు లాయర్ చేత ఫోన్ చేయించండి. వాళ్లిచ్చిన నంబరుకు మాత్రం చేయొద్దు.

నిజమే అయితే, అది క్రిమినల్ కేసా, ఇమిగ్రేషన్ కేసా అన్నది తేల్చుకోవాలి. ఈ తేడా తెలియక నష్టపోయేవాళ్లు మనలో చాలామంది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో అధికారులే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం అది. విద్యార్థులను చేర్పించారన్న ఆరోపణ మీద ఎనిమిది మందిపై డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో క్రిమినల్ అభియోగాలు పెట్టారు. అరెస్టయిన విద్యార్థుల మీద నడిచింది ఇమిగ్రేషన్ చర్య. వార్తల్లో రెండూ ఒకటే అన్నట్టు వచ్చాయి గానీ, చట్టంలో రెండూ వేరు. క్రిమినల్ కోర్టులో లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే ఇస్తుంది. ఇమిగ్రేషన్ కోర్టులో ఇవ్వదు. అక్కడ మీ లాయర్‌ను మీరే చూసుకోవాలి. ఒకే మనిషి మీద రెండూ నడవడం కూడా మామూలే.

ఉత్తరం రూపంలో వస్తే అందులో మిమ్మల్ని ఏమని పిలిచారో చూడండి. "టార్గెట్" అంటే నేరంతో మిమ్మల్ని ముడిపెట్టే గట్టి ఆధారాలు తమ దగ్గర ఉన్నాయని ప్రాసిక్యూటర్ అనుకుంటున్నట్టు. "సబ్జెక్ట్" అంటే మీ పనులు దర్యాప్తు పరిధిలో ఉన్నట్టు. "విట్‌నెస్" అంటే సాక్షి. ఈ మూడూ శాశ్వతం కావు, సాక్షిగా పిలిచిన మనిషి రెండు నెలల్లో టార్గెట్ కావచ్చు. టార్గెట్ లెటర్ రావడం ఒక రకంగా నయమే. అభియోగం రాకముందే లాయర్ వెళ్లి ప్రాసిక్యూటర్‌తో మాట్లాడే వ్యవధి ఉంటుంది. కొన్ని కేసులు అక్కడే చిన్నవవుతాయి, అరుదుగా కొన్ని అక్కడే ఆగిపోతాయి కూడా.

2. తలుపు దగ్గర ఒకే ఒక్క మాట

ఏజెంట్లు సాధారణంగా ఇద్దరు వస్తారు, తరచుగా పొద్దున్నే. మర్యాదగా మాట్లాడతారు. ఇంటికొచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టడం మనకు చేతకాదు. లోపలికి రమ్మంటాం, కాఫీ ఇస్తాం, "చిన్న అపార్థం, నేను వివరిస్తాను" అని మొదలుపెడతాం. మాట అర్థం కాకపోయినా తల ఊపుతాం. ఆ ఇద్దరిలో ఒకరు అడుగుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. రేపు కోర్టులో నిలబడేది ఆ రాత.

చట్టం ఏమంటుందో వినండి. ఫెడరల్ ఏజెంటుకు కేసుకు పనికొచ్చే విషయంలో తెలిసి అబద్ధం చెబితే, ప్రమాణం చేయించకపోయినా సరే, అదే విడిగా ఒక నేరం. ఐదేళ్ల వరకు జైలు. "మీరు డబ్బు తీసుకున్నారా?" అంటే భయంతో "లేదు" అన్న ఒక్క మాట కూడా ఇందులోకి వస్తుందని 1998లో బ్రోగన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. టీవీ ప్రముఖురాలు మార్తా స్టూవర్ట్ 2004లో దోషిగా తేలింది ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి రహస్యం తెలుసుకుని షేర్లు అమ్మడం) నేరం మీద కాదు. ఆ షేర్ల అమ్మకంపై దర్యాప్తులో అబద్ధాలు చెప్పినందుకు, దర్యాప్తుకు అడ్డుపడినందుకు. ఐదు నెలలు జైల్లో ఉన్నారు.

అందుకని అబద్ధం వద్దు, వివరణా వద్దు. మీ పేరు చెప్పి ఈ మాట అనండి: "ఐ వాంట్ టు స్పీక్ టు ఎ లాయర్. ఐ విల్ నాట్ ఆన్సర్ క్వశ్చన్స్." వాళ్ల కార్డు తీసుకుని, లాయర్ ఫోన్ చేస్తారని చెప్పి తలుపు వేయండి. ఊరికే మౌనంగా ఉంటే సరిపోదు. హక్కు వాడుకుంటున్నానని నోటితో చెప్పాలి, 2013 సాలినాస్ కేసు తర్వాత ఇది మరీ ముఖ్యం. సినిమాల్లో చూపించే మిరాండా హెచ్చరిక (మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ను అడగొచ్చు అని చదివేది) అదుపులోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడే తప్పనిసరి. మీ హాల్లో సోఫా మీద కూర్చుని మాట్లాడుతుంటే అది చదవకపోయినా మీరన్నది మీ మీద పనికొస్తుంది. ఈ హక్కులు పౌరులకే కాదు, హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకూ ఎఫ్‌-1 విద్యార్థులకూ, స్టేటస్ పోయినవాళ్లకూ ఉన్నాయి.

వాళ్ల దగ్గర వారెంట్ ఉంటే కథ వేరు. జడ్జి సంతకం ఉందో లేదో చూడండి, కాపీ అడగండి, అడ్డుపడకండి. సోదా చేసుకోవడానికి వారెంటు చాలు, మీ మాటలు వాళ్లకు అక్కర్లేదు. "వెతకడానికి నేను అనుమతి ఇవ్వడం లేదు" అని మెల్లగా ఒకసారి చెప్పండి. ఏమేం తీసుకెళ్లారో జాబితా ఇచ్చే వెళతారు, దాన్ని దాచండి. ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే లాయర్‌తో మాట్లాడి చెబుతాననండి. ఇంట్లో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే వాళ్లకూ ఇవే మాటలు ముందే నేర్పండి. పెద్దవాళ్లు వచ్చీరాని ఇంగ్లిష్‌లో కొడుకును కాపాడబోయి చెప్పే మాటలే ఎక్కువ ప్రమాదం.

3. ఫోను, లాప్‌టాప్, కాగితాలు ఉన్నవి ఉన్నట్టే

వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రావడం, చాట్‌లు చెరిపేయడం, పాత కాంట్రాక్టు మీద కొత్త తేదీ వేయడం, క్లయింట్ లెటర్ మళ్లీ తయారు చేయడం, ఇవేవీ చేయొద్దు. దర్యాప్తును అడ్డుకునే ఉద్దేశంతో రికార్డు చెరిపితే, మార్చితే 20 ఏళ్ల వరకు శిక్ష. అసలు నేరానికి ఉన్న శిక్ష కంటే ఇది పెద్దదయ్యే సందర్భాలు ఎన్నో. వీసా మోసానికి సాధారణంగా గరిష్ఠం 10 ఏళ్లు, మామూలు కుట్ర అభియోగానికి ఐదేళ్లు. మెసేజీలు తమంతట తామే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే దాన్ని ఆపాలా, ఎలా ఆపాలి అన్నది లాయర్‌ను మొదటి రోజే అడగండి.

"నిన్ను అడిగితే ఇలా చెప్పు" అని స్నేహితుడికో, ఆఫీసులో తమ్ముడికో చెప్పడం సాక్షిని ప్రభావితం చేయడమే. కేసులో ఇరుక్కున్న ఇంకో మనిషితో మాట్లాడటమూ వద్దు. అతను ఇప్పటికే వాళ్లతో కలిసిపోయి, మీ మాటలు రికార్డు చేస్తూ ఉండొచ్చు. ఇది అనుమానం పెంచడానికి అనడం లేదు, ఫెడరల్ దర్యాప్తులో రోజూ జరిగే పని.

"ఇండియా వెళ్లిపోతే పోలా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అభియోగం పెట్టకముందు ప్రయాణం చేయడం దానికదే నేరం కాదు. కానీ తప్పించుకుపోయినట్టు తేలితే కాలపరిమితి గడియారం ఆగిపోతుంది, అభియోగ పత్రం సీలు వేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది, 1997లో భారత్–అమెరికాలు సంతకం చేసుకున్న నేరస్థుల అప్పగింత ఒప్పందం ఉండనే ఉంది. తిరిగి వచ్చాక బెయిల్ అడిగితే ప్రాసిక్యూటర్ మొదట చదివేది ఆ టికెట్టే. లాయర్‌కు చెప్పకుండా విమానం ఎక్కకండి.

4. లాయర్‌ను ఎంచుకోవడం

మనకు తెలిసిన లాయర్ అంటే సాధారణంగా గ్రీన్‌కార్డు పని చేసిన ఇమిగ్రేషన్ అటార్నీ, లేదా కంపెనీ లాయర్. ఇద్దరూ ఈ పనికి సరిపోరు. కంపెనీ లాయర్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఆయన కంపెనీ మనిషి. మీరు ఆయనకు చెప్పింది కంపెనీ తన మేలు కోసం ప్రభుత్వానికి ఇచ్చేయొచ్చు. మాట్లాడే ముందు ఆయనే ఆ హెచ్చరిక చదువుతారు, మనం మర్యాద కోసమేమో అనుకుని తలూపుతాం. కన్సల్టెన్సీ యజమాని "మా లాయర్ అందరికీ కలిపి చూసుకుంటాడు" అంటే నమస్కారం పెట్టి వేరే లాయర్‌ను వెతుక్కోండి. యజమాని ప్రయోజనం, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న ఉద్యోగి ప్రయోజనం ఏదో ఒక రోజు ఎదురెదురుగా నిలబడతాయి.

మీకు కావలసింది ఫెడరల్ క్రిమినల్ కేసులు చేసే లాయర్, మీ జిల్లాలో అలవాటున్న మనిషి. డ్రంక్ డ్రైవింగ్ కేసులు స్టేట్ కోర్టులో బాగా గెలిచే లాయరుకు ఫెడరల్ శిక్షల లెక్కలు రావాలని లేదు. లైసెన్సు, పాత క్రమశిక్షణ చర్యలు ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. పేసర్ అనే ఫెడరల్ కోర్టుల సైటులో ఆయన పేరు మీద ఏ కేసులు నడిచాయో చూడొచ్చు. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో బిల్లు 30 డాలర్లు దాటకపోతే వసూలు చేయరు. మొదటి సమావేశంలో అడగాల్సినవి ఇవి: ఈ కోర్టులో ఇలాంటి కేసులు ఏం చేశారు? చివరిసారి జ్యూరీ ముందుకు వెళ్లింది ఎప్పుడు? నా కేసు రోజువారీగా చూసేది మీరా, జూనియరా? ఇమిగ్రేషన్ సలహా ఎవరి దగ్గర తీసుకుంటారు? ఈ చివరి ప్రశ్నకు తడబడితే ఇంకొకరిని చూడండి. "నేను చూసుకుంటా, కేసు కొట్టేయిస్తా" అని మొదటి రోజే మాట ఇచ్చేవాళ్లను మాత్రం చూడనే వద్దు.

ఫీజు దశల వారీగా రాయించుకోండి. అభియోగానికి ముందు ఇంత, ప్లీ (నేరం ఒప్పుకోవడం) వరకు ఇంత, ట్రయల్ (జ్యూరీ ముందు విచారణ) అయితే ఇంత, అప్పీలు విడిగా. లెక్కలు తేల్చే ఫోరెన్సిక్ అకౌంటెంటు, పరిశోధకుడు, వీటి ఖర్చు ఎవరిదో కూడా అందులో ఉండాలి. కేసు గెలిస్తేనే ఫీజు అన్న పద్ధతి క్రిమినల్ కేసుల్లో నిషేధం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా కేసులో భాగమే. నేరం సొమ్మని ఆరోపణ ఉన్న డబ్బుతో ఫీజు కడితే ప్రభుత్వం దాన్ని లాయర్ దగ్గర నుంచైనా వెనక్కి లాక్కోగలదు. నేరంతో సంబంధం లేని మీ సొంత డబ్బును మాత్రం లాయర్‌కు ఖర్చుపెట్టుకోకుండా ముందే స్తంభింపజేయకూడదని 2016లో లూయిస్ కేసులో తీర్పు వచ్చింది. ఊళ్లో పొలం అమ్మి నాన్న పంపిస్తానంటే బ్యాంకు ద్వారానే రావాలి. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. అమ్మకం దస్తావేజు, బ్యాంకు కాగితాలు దాచి ఉంచండి. హవాలా ద్వారా తెప్పిస్తే కేసు మీద కేసు. నగదును 10,000 డాలర్లకు తక్కువ ముక్కలుగా చేసి బ్యాంకులో వేయడం, అది న్యాయంగా సంపాదించిన డబ్బే అయినా, రిపోర్టు తప్పించడానికే చేస్తే నేరం. ఇంకో సంగతి, ఫీజు కట్టింది మామయ్య అయినా లాయర్ విధేయుడు మీకే. కేసు వివరాలు మామయ్యకు చెప్పడు, చెప్పకూడదు. ఇంట్లో దీని మీద అలకలు వస్తాయి, భరించండి.

స్తోమత లేకపోతే సిగ్గుపడాల్సింది లేదు. ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ గానీ, కోర్టు జాబితాలోని ప్రైవేటు లాయర్ గానీ వస్తారు. 1963 గిడియన్ తీర్పు, 1964 చట్టం తర్వాత ఏర్పడిన ఏర్పాటు ఇది. "ఉచిత లాయర్ ప్రభుత్వం మనిషే కదా" అని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. నా ఉద్దేశంలో అది పెద్ద పొరపాటు. రోజంతా ఫెడరల్ కేసులే చేసేవాళ్లు వాళ్లు. ఆ జడ్జి ఏ వాదనకు వింటాడో, ఏ ప్రాసిక్యూటర్ ఎంతవరకు దిగుతాడో వాళ్లకు తెలిసినంత చాలామంది ఖరీదైన లాయర్లకు తెలియదు. ఆస్తిపాస్తుల ఫారం మాత్రం నిజాయితీగా నింపండి, అది ప్రమాణం మీద ఇచ్చేదే. అందులో ఇండియాలో ఉన్నదీ అడిగితే చెప్పాలి, ఎలా రాయాలో లాయర్‌ను అడిగి రాయండి.

5. లాయర్‌కు అంతా, మిగతావాళ్లకు ఏమీ లేదు

లాయర్ ముందు పరువు కాపాడుకోవాలని చూడొద్దు. నకిలీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టారా, రెజ్యూమెలో ఏడేళ్లు కలిపారా, స్నేహితుడి కోసం పార్సిల్ తీసుకుని కమిషన్ పుచ్చుకున్నారా, చెప్పేయండి. మీరు దాచింది ప్రాసిక్యూటర్ బల్ల మీద కనిపించిన రోజు లాయర్ చేతులు కట్టేసినట్టే. ఈమధ్య మన విద్యార్థులు కొందరు ఈ పార్సిళ్ల పనిలోనే చిక్కుకుంటున్నారు. వృద్ధులను ఫోన్లో మోసం చేసే ముఠాల తరఫున డబ్బో బంగారమో వెళ్లి అందుకోవడం. "నాకేం తెలియదు, తీసుకురమ్మంటే తెచ్చాను" అన్నది నిజంగా బలమైన వాదన కావచ్చు, ఎందుకంటే మోసపు ఉద్దేశం నిరూపించాల్సింది ప్రభుత్వం. కానీ ఎవరు పురమాయించారు, ఏ మెసేజీలో ఏముంది, రెండోసారి వెళ్లేటప్పుడు అనుమానం వచ్చిందా, ఇవన్నీ లాయర్‌కు ముందే తెలియాలి.

వరుసగా ఏ తేదీన ఏం జరిగిందో రాసివ్వండి. పైన "లాయర్ కోసం" అని రాసి, ఆయనకు తప్ప ఎవరికీ పంపకండి. లాయర్‌తో మాట్లాడేటప్పుడు పక్కన బావమరిదిని కూర్చోబెట్టుకుంటే ఆ మాటలకు రహస్య రక్షణ పోవచ్చు. భాషకు సహాయం కావాలంటే లాయర్ ద్వారానే దుబాసీని పెట్టించుకోండి. జైల్లో ఉంటే ఇంటికి చేసే ఫోన్లు రికార్డవుతాయి, ఈమెయిళ్లు చదువుతారు. తెలుగులో మాట్లాడితే వాళ్లకేం తెలుస్తుందిలే అనుకోకండి. తర్జుమా చేయించుకుంటారు. అమ్మతో ఆరోగ్యం గురించి మాట్లాడండి, కేసు గురించి కాదు.

తెలుగు సంఘాల వాళ్లు, గుడిలో పరిచయస్తులు సహాయానికి వస్తారు. మంచిదే. పిల్లలను బడికి దించడానికి, సామాను సర్దడానికి, లాయర్ల పేర్లు కనుక్కోవడానికి వాళ్ల సాయం తీసుకోండి. "అసలేం జరిగింది?" అని అడిగితే "లాయర్ మాట్లాడొద్దన్నారు" అనండి. న్యాయ శాఖ పత్రికా ప్రకటన ఇచ్చిన రోజు మీ పేరు తెలుగు సైట్లన్నింటిలో వస్తుంది. ఆ రోజు ఫేస్‌బుక్‌లో వివరణ రాయాలన్న ఆవేశం వస్తుంది. రాయకండి.

6. మొదటి హాజరు, బెయిల్

అరెస్టయితే అనవసరమైన ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్ జడ్జి ముందుకు తీసుకెళ్లాలి. విదేశీయులైతే కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం కింద ఉంది. భారత కాన్సులేట్ మీ కేసు వాదించదు. కానీ ఇంటికి కబురు పంపగలదు, లాయర్ల జాబితా ఇవ్వగలదు, వచ్చి చూడగలదు.

ఆ రోజే బెయిల్ విషయంలో జడ్జికి నివేదిక ఇచ్చే ప్రీట్రయల్ సర్వీసెస్ అధికారి వచ్చి ఉద్యోగం, ఇల్లు, కుటుంబం, పాస్‌పోర్టు గురించి అడుగుతారు. లాయర్ పక్కన ఉండగానే మాట్లాడండి, కేసు విషయాల జోలికి వెళ్లకండి. బెయిల్ మీద జడ్జి చూసేవి రెండు: పారిపోతాడా, ఎవరికైనా ప్రమాదమా. మనకు మొదటిదే చిక్కు. పుట్టిన దేశం, కన్నవాళ్లు అక్కడే, వీసా గడువు దగ్గర. దీనికి విరుగుడు ఇక్కడి వేళ్లు చూపించడం. పిల్లల బడి, ఇంటి లోను, బాండు మీద సంతకం చేయడానికి ముందుకొచ్చే స్నేహితులు, అప్పగించడానికి సిద్ధంగా ఉన్న పాస్‌పోర్టు. లాయర్ సిద్ధం కావడానికి ఐదు రోజుల వరకు వాయిదా అడగొచ్చు, ప్రభుత్వం మూడు రోజులు అడగొచ్చు. బాండు మీద సంతకం పెట్టే మిత్రుడికి, మీరు షరతు తప్పితే ఆ డబ్బు ఆయన నెత్తిన పడుతుందని ముందే చెప్పండి.

ఒక మెలిక ఉంది. క్రిమినల్ జడ్జి బెయిల్ ఇచ్చినా, బయట ఇమిగ్రేషన్ వాళ్లు అదుపులోకి తీసుకోవచ్చు. స్టేటస్ లేనివాళ్లు బెయిల్ అడిగే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడించాలి.

కోర్టులో తెలుగు దుబాసీని అడగడానికి మొహమాటపడకండి. ఆఫీసు ఇంగ్లిష్ వేరు, హక్కులు వదులుకుంటున్నారా అని జడ్జి అడిగే ఇంగ్లిష్ వేరు. ఖర్చు మీది కాదు.

7. ఆధారాలు చదవడం

నేరాన్ని బట్టి అభియోగ పత్రం గ్రాండ్ జ్యూరీ ఇస్తుంది. 16 నుంచి 23 మంది మామూలు పౌరులు కూర్చునే ఆ గదిలో మీ లాయర్‌కు ప్రవేశం లేదు, 12 మంది ఒప్పుకుంటే చాలు. కాబట్టి ఇండిక్ట్‌మెంట్ వచ్చిందంటే నేరం రుజువైనట్టు కాదు, ఒక పక్షం కథ విన్నట్టు. అప్పటి నుంచి, మొదటి హాజరు దాని తర్వాతైతే ఆ రోజు నుంచి, 70 రోజుల్లో ట్రయల్ మొదలుకావాలని చట్టం చెప్పినా, పెద్ద కేసుల్లో రెండు పక్షాలూ వాయిదాలకు ఒప్పుకుంటాయి. ఏడాది దాటడం సాధారణం. లాయర్ వాయిదా అడిగితే మీ మీద శ్రద్ధ లేదని అనుకోకండి. వేల పేజీలు చదవాలి.

ఆ పేజీలు మీరూ చదవాలి. మీ ఈమెయిల్‌లో "బెంచ్", "మార్కెటింగ్", "ప్రాక్సీ" అన్న మాటలకు మీ ఆఫీసులో అర్థమేమిటో ఏజెంటుకు తెలియదు, లాయర్‌కు తెలియకపోవచ్చు. ఏ ఇన్‌వాయిస్ ఎందుకు వచ్చిందో, ఏ డబ్బు అప్పు, ఏది చీటీ పాట తాలూకు బదిలీయో మీరే చెప్పగలరు. మనవాళ్ల మధ్య కాగితం లేకుండా తిరిగే డబ్బు అమెరికన్ లెక్కల మనిషికి మనీలాండరింగ్‌లా కనిపిస్తుంది. దాన్ని విప్పి చెప్పడంలోనే చాలా కేసుల్లో బాధితులకు జరిగిందని లెక్కకట్టే నష్టం అంకె తగ్గుతుంది. మీకు అనుకూలమైన ఆధారాలను ప్రభుత్వం దాచకూడదని 1963 బ్రేడీ తీర్పు. సోదా చట్టప్రకారం జరగకపోతే దొరికినవాటిని పక్కన పెట్టమని లాయర్ మోషన్ వేస్తారు.

8. ప్లీనా, ట్రయలా

ఫెడరల్ కోర్టుల్లో పది మందిలో తొమ్మిది మంది దాకా నేరం ఒప్పుకుంటున్నారు. జ్యూరీ దాకా వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది, వాళ్లలో నిర్దోషిగా బయటపడేవాళ్లు ఇంకా కొద్దిమంది. ఇది చెప్పి మిమ్మల్ని ఒప్పుకోమనడం లేదు. చేయని నేరాన్ని ఒప్పుకోకూడదు, ప్రమాణం చేసి "నేను చేశాను" అని జడ్జి ముందు అబద్ధం చెప్పడమూ కుదరదు. కానీ "ట్రయల్‌లో చూసుకుందాం" అన్న పౌరుషం ఖరీదెంతో తెలిసి మాట్లాడాలి. ప్లీ చేయాలా వద్దా అన్న నిర్ణయం చట్టప్రకారం మీది. లాయర్‌ది కాదు, నాన్నది కాదు.

సహకరిస్తామని ప్రాసిక్యూటర్ ముందు కూర్చునే సమావేశాన్ని ప్రాఫర్ అంటారు. దానికి ముందు ఇచ్చే ఒప్పంద పత్రం పూర్తి రక్షణ కాదు. అక్కడ చెప్పినదానికి విరుద్ధంగా తర్వాత మాట్లాడితే ఆ మాటలే మీ మీద తిరగబడతాయి. లాయర్ లేకుండా, సిద్ధం కాకుండా ఆ గదిలోకి వెళ్లకండి.

పౌరులు కానివాళ్లకు అసలు ప్రశ్న వేరే ఉంది. జైలు ఎన్నాళ్లు అన్నది కాదు, తర్వాత ఈ దేశంలో ఉండనిస్తారా అన్నది. జైలే లేకుండా ప్రొబేషన్‌తో (కోర్టు పర్యవేక్షణలో బయటే ఉండటంతో) పోయే ప్లీ కూడా దేశం నుంచి పంపేయడానికి దారి తీయొచ్చు. మోసం కేసులో బాధితుల నష్టం 10,000 డాలర్లు దాటితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని "అగ్రవేటెడ్ ఫెలొనీ" అంటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కూడా ఇక దారులు దాదాపు మూసుకుపోతాయి. ఈ 10,000 అంకె అభియోగంలో లేకపోయినా ఫరవాలేదు, శిక్ష కాగితాల్లో మీరు ఒప్పుకున్న నష్టం మొత్తం చూసి ఇమిగ్రేషన్ జడ్జి తేల్చవచ్చని 2009లో నిజావన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ప్లీ పత్రంలో నష్టం గురించి రాసే ఒక్క వాక్యం మీద రోజుల తరబడి బేరమాడాల్సి వస్తుంది. ఏ సెక్షన్ కింద ఒప్పుకుంటున్నారు, ఏ అంకె రాస్తున్నారు, నష్టపరిహారం ఎంత, మూడూ ఇమిగ్రేషన్ లాయర్ కళ్లపడాలి, సంతకానికి ముందే.

ఈ సలహా ఇవ్వడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని 2010 పడియా తీర్పు. లీ అనే రెస్టారెంట్ యజమాని, డిపోర్ట్ చేయరని లాయర్ తప్పుగా చెబితే నమ్మి ఒప్పుకున్నాడు. 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాక గానీ ఆ ప్లీని వెనక్కి తీసుకోనివ్వలేదు. అంత దూరం నడిచే బదులు ముందే రాతపూర్వకంగా సలహా అడగండి. పౌరసత్వం వచ్చినవాళ్లు కూడా, నేరం తేదీ పౌరసత్వానికి ముందుదైతే, దరఖాస్తులో ఏం రాశారో లాయర్‌కు చూపించాలి.

9. శిక్ష రోజు కోసం పని

నేరం ఒప్పుకున్నాక, లేదా జ్యూరీ దోషి అన్నాక, ప్రొబేషన్ అధికారి మీ జీవితం మొత్తం మీద నివేదిక రాస్తారు. శిక్ష తేదీకి కనీసం 35 రోజుల ముందు అది మీకు ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పడానికి 14 రోజులు. ప్రతి వాక్యం చదవండి. నష్టం అంకె, ముఠాలో మీ పాత్ర, తప్పుడు తేదీలు, ఏదైనా అక్కడ సరిచేయించకపోతే జైలు దాకా మీ వెంట వస్తుంది. 2005 బుకర్ తీర్పు తర్వాత శిక్షల మార్గదర్శకాలు జడ్జికి సలహా మాత్రమే, కానీ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. బాధ్యత ఒప్పుకుంటే తగ్గింపు ఉంది. పాత నేర చరిత్ర లేనివాళ్లకు 2023 నవంబరు నుంచి షరతులతో ఇంకొంత తగ్గింపు వచ్చింది.

జడ్జికి ఉత్తరాలు రాయించాలి. మనవాళ్లు ఒక నమూనా తయారుచేసి ముప్పై మందితో సంతకం పెట్టిస్తారు. జడ్జి మూడో ఉత్తరం దగ్గరే కనిపెట్టేస్తాడు. నాలుగు చాలు, నాలుగూ వేరువేరుగా ఉండాలి. పక్కింటి ముసలాయన మిమ్మల్ని డయాలసిస్‌కు ఎన్నిసార్లు తీసుకెళ్లమన్నా విసుక్కోలేదని రాస్తే, "మంచి కుటుంబం నుంచి వచ్చిన చదువుకున్న యువకుడు" అన్న వాక్యం కంటే వెయ్యి రెట్లు మేలు. ఒప్పుకున్న తర్వాత "మావాడు అమాయకుడు" అని రాయించకండి, తగ్గింపుకే ఎసరు. ఉత్తరాలన్నీ లాయర్ చదివాకే కోర్టుకు. ఆఖరున జడ్జి మిమ్మల్ని మాట్లాడమంటారు. పొట్టిగా, సొంత మాటల్లో చెప్పండి.

ఫెడరల్ జైలు శిక్షకు పెరోల్ లేదు, 1987 నవంబరు తర్వాతి నేరాలకు తీసేశారు. మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల వరకు తగ్గుతుంది. 2018 చట్టం కింద కార్యక్రమాల్లో పాల్గొని సంపాదించే అదనపు తగ్గింపు, దేశం నుంచి పంపేయాలని తుది ఉత్తర్వు ఉన్నవాళ్లకు వర్తించదు. లాయర్ చెప్పే "ఇన్ని నెలల్లో బయటికొస్తావు" అన్న లెక్కలో ఇది కలిపాడో లేదో అడగండి.

10. అప్పీలు గడువు

తీర్పు రికార్డులో ఎక్కిన రోజు నుంచి 14 రోజులు. ప్లీ పత్రంలో అప్పీలు హక్కు చాలావరకు వదులుకుని ఉంటారు, అయినా మిగిలేవి కొన్ని ఉంటాయి. అప్పీలు వేయమని లాయర్‌కు చెబితే నోటితో కాదు, ఈమెయిల్‌లో చెప్పండి. నోటీసు దాఖలైందా లేదా అన్నది ఆ 14 రోజుల్లోపే పేసర్‌లో మీ కేసు తెరిచి మీరే చూసుకోండి.